శిరివెళ్ల దాటాక వినిపించే పిట్ట

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "నువ్వేం చేస్తావు?" అని అడిగినవాళ్లకు నేను తిన్నగా జవాబు చెప్పలేకపోయాను. "పిట్టల్ని లెక్కపెడతాను" అంటే నవ్వేవాళ్లు. "పంటపొలాల్లో పక్షుల సర్వే" అంటే ఏదో పెద్ద హోదా అనుకుని కుర్చీ వేసేవాళ్లు. రెండూ ఒకటే పని. నంద్యాలలో ఆఫీసు, అక్కడి నుంచి ఆళ్లగడ్డ దాకా పొలాలు, మెడలో బైనాక్యులర్, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఏ పిట్ట ఏ పంట మీద వాలుతోంది, ఏమేం తింటోంది, ఏమేం ముట్టడం లేదు అని చూసి రైతుకు చెప్పాలి. ఆ చివరి మాట కొంచెం గుర్తుపెట్టుకోండి. ముట్టనివాటి గురించి చెప్పడం కూడా మన పనే. దాన్ని చాలామంది ఎగ్గొడతారు.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తవాళ్లు చేరుతున్నారు. అందులో ఆడపిల్లలు ఎక్కువగా ఉన్నారని విని సంతోషించాను. నేను చేరినప్పుడు మా ఆఫీసులో చీర కట్టుకుని గట్లెక్కేది నేనొక్కదాన్నే. వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, టీఏ బిల్లుల సంగతి ఇందులో ఉండవు. అవి ఎవర్నడిగినా చెబుతారు. నేను చెప్పేది రెండు పిట్టల గురించి. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ రెండింటిలో ఒకదాని గురించే. దాని గొంతు విని చాలా కాలమైంది. ఒక్కసారి మళ్లీ వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఈ వయసులో నీకున్న పెద్ద కోరిక ఏమిటని అడిగితే అదే చెబుతాను. మా ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

రెండు జీనువాయిలు

జీనువాయి అంటే పిచ్చుక కన్నా చిన్న పిట్ట. గుప్పిట్లో పడుతుంది. గింజ ఒలుచుకోవడానికి వీలుగా ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటుంది. మన వైపు బాగా కనిపించేవి రెండు. ఒకటి చుక్కల జీనువాయి. గొంతు ముదురు గోధుమరంగు, పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గీతలు. రెండోదాన్ని మేం వెండిముక్కు అనేవాళ్లం. వీపు మట్టిరంగు, పొట్ట తెలుపు, తోక నల్లగా, మొనదేలి ఉంటుంది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ముక్కు బూడిద కలిసిన నీలం. ఎండ పడితే వెండిలా మెరుస్తుంది.

ఇంత చెప్పాక ఇక తేలికే అనుకుంటారు. కాదు. చుక్కల జీనువాయి పిల్లలకు చుక్కలుండవు. ఒళ్లంతా ఒకటే మట్టిరంగు. కోతల కాలంలో ఆ పిల్లలే గుంపులో సగం ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని చూసి వెండిముక్కు అని రాసేస్తారు. ఈ ఉద్యోగంలో అందరూ మొదట చేసే తప్పు అది. నేనూ చేశాను, తిట్లూ తిన్నాను.

నివాసం దగ్గర మాత్రం తేడా బాగా తెలుస్తుంది. చుక్కలది నీళ్ల వైపు బతుకు. నంద్యాల చుట్టూ కాలువ కింద మాగాణి ఉన్నంతమేరా, బండి ఆత్మకూరు వరిపొలాల్లో, వందలుగా వస్తుంది. ముళ్లకంపలో గడ్డితో పెద్ద ఉండలాంటి గూడు తనే కట్టుకుంటుంది. వెండిముక్కుది మెట్ట. నంద్యాల నుంచి బయలుదేరి శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోతుంటే జొన్న, కొర్ర వేసే చేలు వచ్చేవి. అక్కడ మొదలయ్యేది దాని రాజ్యం. గుంపు చిన్నది. గూడు కట్టే ఓపిక తక్కువ. గిజిగాడు వదిలేసి పోయిన పాత గూట్లోకి దూరి, చోటుందా లేదా అని కూడా చూడకుండా నాలుగైదు కలిసి పడుకుంటాయి. తీగ మీద కూర్చున్నా ఒకదాన్నొకటి ఆనుకునే కూర్చుంటాయి. మధ్యలో ఉన్నది ఎగిరిపోతే రెండు వైపులవీ జరిగి మళ్లీ ఆనుకుంటాయి. దాన్ని చూసినప్పుడల్లా నాకు ముద్దొచ్చేది. పక్షుల్ని మనుషుల్లా చూడకూడదని మాకు నేర్పారు గానీ, ముద్దు రాకూడదని నేర్పలేదు.

అన్నింటికన్నా పెద్ద తేడా గొంతులో ఉంది. చుక్కలది "కిట్టీ, కిట్టీ" అని కాస్త మొద్దుగా ఉంటుంది. వెండిముక్కుది చాలా సన్నం, చాలా పైశ్రుతి. మెడలో గొలుసు తీసి అరచేతిలో పోసుకుంటే వచ్చే చప్పుడు లాంటిది. గుంపు లేచినప్పుడు ఆ చప్పుడు జొన్నచేను మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి జారిపోయేది.

శెట్టి సారు పరీక్ష

నాకు ఈ పని నేర్పింది శెట్టి సారు. ఆళ్లగడ్డలో వాళ్ల అన్నదమ్ములవి ధాన్యం కొట్లు. అందరూ గింజలమ్ముకుని బతుకుతుంటే ఈయనొక్కడు గింజలు తినేవాటి వెంట పడ్డాడని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్లట. ఆయన పట్టించుకునే మనిషి కాదు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఒకటే అడిగారు.

"బండి ఆత్మకూరు అంటాండావు. మిషన్ బడి అయ్యవారి కూతురివా? చర్చిలో పాడతావా?"

"పాడతాను సార్."

"పై గొంతా, కింది గొంతా?"

"పై గొంతే సార్."

"సరే. రేపు పొద్దున్నే శిరివెళ్ల బస్సు పట్టుకో."

తెల్లారి శిరివెళ్ల అవతల ఒక జొన్నచేను దగ్గర నన్ను నిలబెట్టి, చేనుకు వీపు పెట్టమన్నారు. మొహం రోడ్డు వైపు. బస్సులో పోయేవాళ్లు, ఆటోల్లో పోయేవాళ్లు నన్ను చూసి ఏదో శిక్ష వేశారనుకుని ఉంటారు.

"ఏం ఇనపడ్తాంది?"

"పిట్టలు సార్."

"పిట్టలు గాక చేన్లో బర్రెలు ఎగుర్తాయా? ఎన్ని రకాలు? యాడ లేచినాయి? ఎట్ల పోయినాయి?"

తిరిగి చూడబోతే కసిరారు. "తిరగద్దు. కండ్లకు ఆశ ఎక్కువ విమలా. చూడాలనుకున్నేదాన్నే చూస్తాయి. చెవులకు ఆశ ల్యా. ఆటికి ఏది వస్తే అదే."

అలా చాలా పొద్దులు నిలబెట్టారు. ఒక రోజు నా వెనక నుంచి ఆ సన్నటి చప్పుడు లేచి, నా నెత్తి మీదుగా రోడ్డు దాటి పోయింది. "వెండిముక్కులు సార్, చిన్న గుంపు, ఆళ్లగడ్డ వైపు" అన్నాను. ఆయన జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి నా చేతిలో పోశారు. నాకు ఈ ఉద్యోగంలో వచ్చిన మెచ్చుకోళ్లలో నేను దాచుకున్నది ఆ ఒక్కటే.

ఆ పద్ధతి మంచిదే. ఎండకు ఎదురుగా లేచిన గుంపులో రంగులు కనబడవు, దగ్గరికి పోతే పిట్టలు నిలవవు. ముందు వినాలి, విన్న వైపు చూడాలి. మీకూ అదే నేర్పుతారు, నేర్చుకోండి. దానిలో ఉన్న ప్రమాదం మాత్రం ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఓబులేసు తుమ్మచెట్టు

శిరివెళ్ల అవతల ఓబులేసు అనే రైతు ఉన్నాడు. నా కన్నా కొంచెం పెద్దవాడు. చేను గట్టు మీద ఒక తుమ్మచెట్టు, దాని నిండా గిజిగాడు వదిలేసిన గూళ్లు, వాటి నిండా వెండిముక్కులు. జొన్న పాలు పోసుకునే వేళకు పిట్టల గుంపులు దిగి కంకుల్ని ఊడ్చేస్తున్నాయి. ఒక రోజు మేం వెళ్లేసరికి గొడ్డలి పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉన్నాడు.

నేను కంగారుగా రెండు పిట్టల తేడా చెప్పబోయాను. వినలేదు.

"అన్నీ జొన్న తినే నాయాండ్లే మేడం. మీరు పేర్లు పెట్టుకోండి, నేను గొడ్డలి పెడ్తా."

శెట్టి సారు వాదించలేదు. "కొట్టుకోప్పా, నీ చెట్టు. నాలుగు పొద్దులు ఆగి కొట్టుకో. ఈలోగా మాకు మంచె మీద ఇంత చోటియ్యి" అన్నారు. ముగ్గురం మంచె ఎక్కాం. ఓబులేసు గొడ్డలి పక్కన, వడిసెల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ కాలువ వైపు నుంచి చుక్కలవాటి గుంపు వచ్చి పడింది. కంకి వంగేట్టు వేలాడి పాలగింజను పిండుకుని తింటున్నాయి. చెట్టు మీది వెండిముక్కులు కొన్ని కంకుల మీదికి పోయాయి గానీ, ఎక్కువ భాగం గట్టు మీద గడ్డిగింజలూ కింద రాలినవీ ఏరుకుంటున్నాయి.

"ఇవి తినవని నేను చెప్పల్యా ఓబులేసూ" అన్నారు సారు. "ఇవీ తింటాయి. కానీ నీ కొంప ముంచేటివి ఇవి గాదు. చెట్టు కొట్టినావంటే ఇవి పోతాయి. అవి మాత్రం కాలువ కాడ్నుంచి వస్తానే ఉంటాయి."

ఓబులేసు కాలువ వైపు చూశాడు. "అంటే చెట్టు పాయె, నీడ పాయె, జొన్నలూ పాయె" అని గొడ్డలి కిందికి విసిరేశాడు. తర్వాత కాలువ వైపు గట్టు వెంబడి మెరిసే రిబ్బన్లు కట్టించాం. పంట కొంత పోయింది, చాలా మిగిలింది. చెట్టు ఉండిపోయింది. ఆ తర్వాత ఆ దారిన ఎప్పుడు వెళ్లినా ఆ చెట్టు దగ్గర ఆగి, ఓబులేసు ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ గొంతు వినకుండా నేను ఆళ్లగడ్డ బస్సు ఎక్కలేదు.

జీపు దిగని సారు

అందరూ శెట్టి సార్లే ఉండరు. మధ్యలో కొన్నాళ్లు ఒకాయన మాకు పైఅధికారిగా వచ్చారు. జీపు అద్దం దించకుండా పొలం చూసేవారు. రిపోర్టులో రెండు పిట్టలకు రెండు వరసలు ఎందుకు, "చిన్న పిట్టలు" అని ఒకటే రాయండి, చదివేవాళ్లకు తేలిక అన్నారు. అలాగే రాశాం. ఫలితంగా వరి రైతుకు చెప్పిన ఉపాయాలే మెట్ట రైతుకూ చెప్పాల్సి వచ్చింది. రైతులు మొహం మీదే నవ్వారు. నవ్వరా మరి! దగ్గరి చుట్టాలైన రెండు జాతుల్ని కలిపేస్తే రెండింటి గురించీ అబద్ధమే చెబుతాం. ఆయన బదిలీ అయ్యాక మళ్లీ రెండు వరసలు గీసుకున్నాం. ఆయన గురించి ఇంతకన్నా రాయడం దండగ.

"తగ్గినాయి విమలా"

శెట్టి సారు రిటైరవడానికి ముందు రోజుల సంగతి ఇది. ఇద్దరం ఓబులేసు చేను పక్కన నడుస్తున్నాం. ఆయన ఆగి, తలెత్తి, "వెండిముక్కులు తగ్గినాయి విమలా. మునుపట్ల ల్యా" అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు కూడా మా నెత్తి మీద అవి కూస్తూనే ఉన్నాయి. నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి. పెద్దాయనకు ఉద్యోగం వదలాలన్న దిగులు పట్టుకుంది, అన్నీ తగ్గినట్టే అనిపిస్తున్నాయి అనుకున్నాను. "అవును సార్" అన్నాను. నేను విన్నవి నేను రాసుకున్నాను. ఆయన్ను సరిదిద్దడానికి నాకు నోరు రాలేదు. నాకు పని నేర్పిన మనిషికి, ఆయన నేర్పిన పనిలోనే, మీరు పొరపడ్డారు సార్ అని ఎలా చెబుతాను? అసలు ఆయనకు వినిపించడం లేదన్న ఊహే నాకు రాలేదు.

రిటైరైన తర్వాత ఆయన ఆళ్లగడ్డలో అన్నదమ్ముల కొట్టు ముందు కూర్చునేవారు. నేను పోయినప్పుడల్లా "ఉండాయా?" అని అడిగేవారు. "ఉన్నాయి సార్" అంటే ఊరికే నన్ను ఓదార్చడానికి చెబుతున్నావులే అన్నట్టు చూసేవారు. అలా చూస్తూనే ఒక వానాకాలం పోయారు. ఆయన ఉన్నప్పుడు చేయి పట్టుకుని తుమ్మచెట్టు దాకా తీసుకుపోయి, అదిగో సార్ అని చూపించి ఉంటే ఎంత బాగుండేది. ఆ పని చేయలేదన్న బాధ ఇప్పటికీ పోలేదు.

చేను చప్పబడింది

ఆ తర్వాత పొలాలు మారాయి. జొన్న పోయి శనగ వచ్చింది, పత్తి వచ్చింది, మొక్కజొన్న వచ్చింది. కొర్ర వేసేవాళ్లను వెతుక్కోవాల్సి వచ్చింది. ఓబులేసు కూడా పశువుల మేతకని గట్టు పక్కన కాస్త జొన్న ఉంచుకుని మిగతాదంతా శనగ వేశాడు. నేను శిరివెళ్ల దాటి నడుస్తుంటే ఒక ఏడు ఆ గొంతు పల్చబడ్డట్టు అనిపించింది. మరుసటేడు ఎప్పుడో ఒకసారి వినిపించింది. ఆ తర్వాత లేదు.

కాలువ వైపు చుక్కలవి మామూలుగానే కూస్తున్నాయి, నాకు వినిపిస్తున్నాయి. అందుకని నా మీద నాకు అనుమానం రాలేదు. మెట్ట వైపు చప్పుడు లేదు. ఎందుకు లేదో నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. జొన్న పోయింది కాబట్టి పిట్ట పోయింది. రిపోర్టులో అదే రాస్తే చదివినవాళ్లందరూ తలూపారు. అందులో కొంత నిజం కూడా ఉంది, గుంపులు మునుపటంత లేవు. కానీ నేను "తగ్గింది" అని రాయలేదు. వరసగా కొన్నేళ్లు "లేదు" అని రాశాను. చప్పుడు లేనిచోట బైనాక్యులర్ ఎత్తలేదు. విన్న వైపే చూడటం అలవాటైన మనిషిని, వినకపోతే ఎటు చూస్తాను?

ఆ దిగులు మామూలు దిగులు కాదు. చర్చిలో పాడుతుంటే పైస్థాయి అందుకోగానే ఆ పిట్ట గుర్తొచ్చి పాట మధ్యలోనే ఆపేసేదాన్ని. ఆ రోజుల్లోనే ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ కూయడం లేదని రెండుసార్లు బ్యాటరీ మార్పించాను. షాపు కుర్రాడు నన్ను వింతగా చూశాడు. అది కూస్తూనే ఉంది మరి. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

నా మాట మీదే ఆఫీసులో ఒక నిర్ణయం జరిగింది. ఆ పిట్ట లేనప్పుడు శిరివెళ్ల అవతల సర్వే ఎందుకు, నేను రిటైరవగానే మెట్ట భాగం ఎత్తేసి మాగాణి వరకే ఉంచుదాం అన్నారు. నేను కాదనలేదు. లేని పిట్ట కోసం పట్టుబట్టడానికి మనసొప్పలేదు.

రేణుక

నా చోటికి రేణుక వచ్చింది. నందికొట్కూరు పిల్ల. మాట గట్టిది, నడక జోరు. ఆఖరి సారిగా ఆళ్లగడ్డ దారి చూపిద్దామని తీసుకుపోయాను. వదిలేయబోయే దారి ఎందుకు చూపించడం అంటే, నా కోసమే. ఓబులేసు చేను దగ్గర ఆగాం. కంచె తీగ మీద నాలుగు మట్టిరంగు పిట్టలు.

"మేడం, ఆ తీగ మింద ఉండేటివి వెండిముక్కులే గదా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. "చుక్కలవాటి పిల్లలు అవి. చుక్కలు రాకముందు అట్లే ఉంటాయి. మొదటి రోజే చెప్పినా గదా? అందరూ చేసే తప్పే నువ్వూ చేస్తాండావు."

ఇంకొకరైతే "సరే మేడం" అని ఊరుకునేవాళ్లు. నేను శెట్టి సారు దగ్గర ఊరుకున్నట్టు. రేణుక ఊరుకోలేదు.

"లేదు మేడం. గొంతు ఇనండి. చుక్కలది ఇట్లుండదు."

"ఏ గొంతు?"

"ఇదే మేడం. ఇప్పుడు కూస్తాండాయి గదా."

నేను చెవి రిక్కించాను. దూరంగా ట్రాక్టరు శబ్దం, ఓబులేసు దగ్గు, గాలికి జొన్నాకుల గలగల. పిట్టల దగ్గర ఏమీ లేదు. బైనాక్యులర్ ఎత్తాను. నీలపు ముక్కు. తెల్లటి పొట్ట. మొనదేలిన నల్లతోక. మధ్యలోది ఎగిరింది, తోక మొదట్లో తెల్లమచ్చ కనిపించింది. మిగతావి జరిగి ఆనుకున్నాయి. ఒకదాని ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు కింద ఈకలు అదురుతున్నాయి.

"ఇప్పుడు కూస్తాందా?" అన్నాను.

"కూస్తాంది మేడం."

ఓబులేసు మజ్జిగ చెంబుతో వచ్చాడు. నా మొహం చూసి, "ఏమైంది మేడమ్మా?" అన్నాడు.

"ఇవి యాడికీ పోల్యా ఓబులేసూ?"

"యాడికి పోతాయి? ఈడ్నే ఉండాయి. కొంచెం తగ్గినాయి, అంతే. నువ్వు లేవు లేవు అంటాంటే, సదువుకున్నామె గదా, నీ లెక్కేందో నీకుందిలే అని గమ్మున ఉన్నా."

బైనాక్యులర్ దించి గట్టు మీద కూర్చున్నాను. రేణుక నా భుజం మీద చెయ్యేసింది. ఆ పిట్ట ఉందన్న సంతోషం ఒక వైపు, అది నాకు లేదన్న ఏడుపు ఒక వైపు. రెండూ ఒకేసారి వస్తే మనిషికి ఏం చేయాలో తెలియదు. శెట్టి సారు మొహం కళ్లముందుకొచ్చింది. "తగ్గినాయి విమలా" అన్న రోజు ఆయనకు ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. అప్పుడు నేను గౌరవం కొద్దీ మూసుకున్న నోటి వల్ల ఆయన ఏం పోగొట్టుకున్నారో కూడా తెలిసింది. చెవులకు ఆశ లేదని ఆయన అన్న మాట సరికాదు. వాటికి వయసుంది, అవి పోతూ పోతూ మనకు చెప్పిపోవు.

చెవుల డాక్టరు

నంద్యాలలో చెవుల డాక్టరు నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపిస్తే చెయ్యెత్తమన్నాడు. మొదట్లో బాగానే ఎత్తాను. తర్వాత చాలాసేపు చెయ్యెత్తలేదు. ఇంకా మొదలు పెట్టలేదేమో అనుకున్నాను. బయటికి వచ్చాక, అయిపోయిందమ్మా, అన్నీ వేశాను అన్నాడు. వయసుతో ముందు పోయేవి ఆ సన్నటి చప్పుళ్లేనట. మనుషుల మాటలకు ఇంకా ఇబ్బంది లేదు, మీరేం దిగులు పడొద్దు అన్నాడు. మంచివాడే. మనుషుల మాటల గురించి నేను దిగులు పడలేదని ఆయనకు ఎలా తెలుస్తుంది?

చెవికి మిషన్ పెట్టుకుని చూశాను. దానితో తుమ్మచెట్టు కిందికి వెళ్తే ఏదో గరగర వచ్చింది, తుప్పు పట్టిన గడియ తీస్తున్నట్టు. పిట్ట కూస్తోందని దానివల్ల తెలుస్తుంది. కానీ అది నేను విన్న గొంతు కాదు. ఇంటికొచ్చి డబ్బాలో పెట్టేశాను. మీటింగులకు పెట్టుకునేదాన్ని, మీటింగుల్లో వినాల్సింది తక్కువే అయినా.

ఆఫీసుకు వెళ్లి నా మాట వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్లు ఆ పిట్ట లేదని రాసింది తప్పు, నాకు వినిపించలేదని రాయండి అన్నాను. పైవాళ్లు ఇబ్బందిగా కదిలారు. రిటైరయ్యే ముందు ఎందుకమ్మా ఈ గొడవ, చూసీచూడనట్టు పోదాం అని ఒకాయన నచ్చజెప్పబోయాడు. "చూసీచూడనట్టు పొయ్యే పనే అయితే దీనికి నేనెందుకు సార్?" అని అడిగాను. రేణుక, నేను కలిసి మళ్లీ ఆ దారంతా నడిచాం. ఆమె వింది, నేను చూశాను. శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా చాలాచోట్ల కనిపించాయి. మునుపటంత కాదు, కానీ ఉన్నాయి. మెట్ట భాగం సర్వే ఆగలేదు. ఇప్పుడు అది రేణుక చేతిలో ఉంది.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఏటేటా మీ చెవులు పరీక్ష చేయించుకోండి. మీ పైవాళ్లవి కూడా చేయించండి, తిట్టినా సరే. పిట్ట లేదని రాసేముందు మీ పక్కన మీకన్నా వయసులో చిన్నవాళ్లను నిలబెట్టి అడగండి. చిన్నవాళ్లారా, మీకు వినిపించింది పెద్దవాళ్లు కాదంటే గౌరవం కొద్దీ ఊరుకోకండి. ఊరుకుంటే వాళ్లకు మీరు చేసేది మేలు కాదు. మీ దిగులుకు సరిపోయే రుజువు దొరికినప్పుడు దాన్ని అందరికన్నా ముందు మీరే అనుమానించండి. నేను ఆ పని చేయలేదు.

మొన్నటి చలికాలం

రిటైరయ్యాక మొన్నటి చలికాలంలో రేణుక ఫోన్ చేసింది. "మేడం, రేపు శిరివెళ్ల దిక్కు పోతాండా. వస్తారా?" నేను వెళ్లి ఏం చేస్తాను అన్నాను. "ఊరికే రాండి మేడం" అంది.

పొద్దున్నే ఓబులేసు చేను పక్కన దిగాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కంచె తీగ మీద వెండిముక్కులు అరడజను దాకా ఆనుకుని కూర్చుని ఉన్నాయి. పొద్దెక్కుతుంటే ఒళ్లు దులుపుకుని ఒక్కొక్కటే ముక్కు తెరవడం మొదలుపెట్టాయి. నేను బైనాక్యులర్ పట్టుకుని చూస్తున్నాను. నోరు కదిలే పిట్టలు, చప్పుడు లేని చేను. ఇన్నేళ్లు నన్ను లాక్కొచ్చిన ఆ గొంతు నా నుంచి నాలుగు బారల దూరంలో ఉంది. ఎంత ప్రయత్నించినా గుర్తు తెచ్చుకోలేకపోయాను. అన్నింటికన్నా ఎక్కువ బాధ పెట్టింది అదే. వినలేకపోవడం ఒక ఎత్తు, ఎలా ఉండేదో కూడా మనసులోంచి జారిపోతుండటం ఇంకో ఎత్తు. ఆ మాటే రేణుకతో అన్నాను. కళ్లనీళ్లు ఆగలేదు.

ఆమె ఓదార్చలేదు. నా ఎడమచేయి తన చేతిలోకి తీసుకుని, మణికట్టు మీద చూపుడువేలు ఆనించింది. పిట్ట కూసినప్పుడల్లా వేలితో తట్టింది. గట్టిగా కాదు, గోరు తగిలీ తగలనంత. ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత గుంపంతా అందుకున్నప్పుడు గబగబా చాలా. తీగ మీద ముక్కు తెరుచుకోవడం నా కళ్లకు కనిపిస్తోంది, అదే క్షణానికి మణికట్టు మీద తట్టు తెలుస్తోంది. కొంతసేపటికి ఆ రెండూ కలిసిపోయాయి. అదిగో, ఎక్కడో లోపల, అరచేతిలోకి గొలుసు జారుతున్నట్టు మెల్లగా వచ్చింది. నిజంగా విన్నానో, గుర్తొచ్చిందో నాకు తెలియదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

ఎండ పైకొచ్చింది. రేణుకకు ఇంకా ఆళ్లగడ్డ దాకా నడవాల్సిన దారి ఉంది.

"పోదామా మేడం?"

"ఇంకా కూస్తాండాయా?"

"కూస్తాండాయి."

"అయితే చెయ్యి తియ్యద్దు" అన్నాను. ఆమె బ్యాగు కింద పెట్టి, నా పక్కన గట్టు మీద కూర్చుంది.